వాసన చీటీ

కాంబెల్‌టౌన్‌లో నవంబరు నెలంటే
మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు పెట్టేస్తారు.
రేవు గోడ వెనక సముద్రం
ఎవరి మీదో అలిగినట్టు గొణుగుతుంటుంది.

గాలిమర స్తంభాల వెల్డింగు అతుకులు
తడిమి చూడటం నా పని.
ఓవర్‌టైం డబ్బు లోపలి జేబులో పెట్టుకుని
ఈఫా మెక్‌స్పోరన్ కొట్టు తలుపు తోశాను.
ఎండు చెక్క, తడి కోటు, కరిగిన లక్క.
ఆ వాసనలన్నీ నాకు మాత్రమే.

ఆమెకు లేవు.
రెండు చలికాలాల కిందటి జ్వరం
ముక్కును ముఖానికి అలంకారంగా వదిలేసి
దాని పని పట్టుకుపోయింది.
నలభై ఏళ్ళు పీపాల మూతికి ముక్కు ఆనించి
ఏ ఏడు కాచిందో చెప్పిన మనిషి,
ఇప్పుడు పొయ్యి మీద పాలు మాడినా
పొగ కంటపడ్డాకే లేస్తుంది.

“రుచి చూడు, డబ్బులొద్దు.
ఏం తగిలిందో మాత్రం నాకు చెప్పాలి.
అబద్ధమాడితే తెలిసిపోతుంది”
అంటూ మొగ్గలాంటి గ్లాసులో
అరచెంచాడు పోసింది.

ముప్పై ఒక్క ఏళ్ళది.
నేను వెల్డింగు రాడ్డు పట్టుకోకముందే
పీపాలో పడుకుంది.
కాచిన బట్టీ ఇప్పుడు లేదు,
ఆ చోట టైర్లు అమ్ముతున్నారు.
ఏటా కొంత గాలికి పోతుందట,
దేవతల వాటా అంటారట దాన్ని.
దేవతలు కదా, రసీదు ఇవ్వరు.

మొదట టింక్చర్ అయోడిన్.
బళ్ళో మోకాలు చీరుకుపోతే
డ్రిల్లు మాస్టారు ఊదుతూ పూసిన మంట.
అది సులువే, చెప్పాను. రాసుకుంది.
తర్వాత ఎండు ద్రాక్ష, నారింజ తొక్క.
“అవి అందరూ చెప్పేవే” అని
కలం మూత పెట్టేసింది.

అప్పుడు సన్నటి గొట్టంతో
ఒకే ఒక్క నీటి చుక్క వేసింది.
ఏం చుక్కో అది,
గ్లాసులో వెనకవైపు తలుపు తీసింది.

వేయించిన చింతపిక్కలు.
బెల్లం పెనం అడుగున
గరిటతో గీకితే ఊడొచ్చే నలుపు.
ఇంకా లోపల, బాగా లోపల,
బాలింత గది.
తలంటిన పసిదాని జుట్టు ఆరడానికి
బుట్ట కింద నిప్పుల మీద
చిటికెడు సాంబ్రాణి.

ఇంగ్లీషులో దానికి మాట లేదు,
ఉన్నా నాకు రాదు.
చేతులతో గాల్లో బుట్ట అల్లాను,
పొగ లేపాను,
పసిదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను.
మోతలో సైగలతో పనిచేసేవాణ్ణి కదా.
ఆమె కళ్ళు మూసుకుంది.
కరెంటు పోయిన ఇంట్లో
అగ్గిపెట్టె కోసం గూడు తడిమినట్టు
ముఖమంతా వెతుక్కుంది.

“నీ భాషలోనే రాయి.”
రాశాను.
బాలింత గది సాంబ్రాణి.
ఆ చీటీని సీసా మెడకు
దారంతో కట్టింది.

ధర నాలుగు వందల ఇరవై పౌన్లు.
రెండోసారి చదివినా తగ్గలేదు.
బేరమాడే నోరు మా అక్కకు వచ్చింది, నాకు రాలేదు.
పన్నెండేళ్ళది ఒకటి కొనుక్కుని
(అదీ మంచిదే, కాస్త వాగుతుంది)
వానలోకి వచ్చేశాను.

క్రిస్మస్ ముందు మళ్ళీ వెళ్తే
అరలో ఆ చోటు ఖాళీ.
“లీత్ నుంచి ఎవరో ఆవిడ.
చీటీ విప్పబోతే ఒప్పుకోలేదు,
అదీ కలిపితేనే కొంటానంది.”
చదవగలిగిందా మరి?
లేదట. అక్షరాల గుండ్రాల మీద
వేలు తిప్పుతూ చాలాసేపు నిలబడిందట.

ఈఫా కొత్త చీటీ ముందుకు తోసింది.
“ఇంకోటి రాసివ్వు. నాకు.”
కలం పట్టుకున్నాను.
మాటలు మూడూ గుర్తున్నాయి.
వాసన రావడం లేదు.

అబద్ధమాడితే ఆమెకు తెలిసిపోతుంది.

చీటీ తెల్లగానే తిరిగిచ్చాను.
అలవాటు కొద్దీ
దాన్ని ముక్కుకు ఆనించుకుని,
తనకు తానే నవ్వుకుని,
గల్లాపెట్టెలో వేసుకుంది.